నెల్లిమర్ల రోడ్డు మామిడితోట నెట్స్: సెలవుల్లో మాత్రమే బౌలింగ్ వేసేవాళ్ల కోసం రాస్తున్న రివ్యూ

ఏప్రిల్ 24తో బడికి సెలవులొచ్చాయి, 26న ఇక్కడ చేరాను, జూన్ మొదటివారం దాకా ఆదివారాలు తప్ప దాదాపు రోజూ వెళ్లాను. అందుకని ఒక్క పూట చూసి రాసే రివ్యూ కాదు ఇది.

విజయనగరం దాటి నెల్లిమర్ల వైపు వెళ్తుంటే ఎడమచేతి పక్క మామిడితోట వస్తుంది. బోర్డు ఉండదు, గేటుకి పాత బ్యాటింగ్ ప్యాడ్ ఒకటి కట్టి ఉంటుంది, అదే గుర్తు. లోపల మూడు నెట్లు, అంటే చుట్టూ వల కట్టిన ప్రాక్టీస్ పిచ్‌లు. రెండింట్లో సిమెంటు మీద మ్యాట్ పరుస్తారు, మూడోది మట్టి పిచ్. మీకు బ్యాటింగ్ ప్రాక్టీస్ మాత్రమే కావాలంటే ఇంత దూరం రానక్కర్లేదు, ఊళ్లోనే ఇంతకంటే మంచివి ఉన్నాయి. ఇక్కడ బౌలింగ్ మెషీన్ లేదు, లైట్లు లేవు, వీడియో తీసి చూపించేవాళ్లు లేరు. కానీ మీరు బౌలరు అయితే, అందులోనూ స్పిన్నరయితే, పైగా నాలాగా ఉద్యోగం చేసుకుంటూ సెలవులు దొరికినప్పుడే ఆడేవాళ్లయితే, శ్రీకాకుళం, విజయనగరం రెండు జిల్లాల్లోనూ నేను తిరిగినంతలో ఇలాంటి చోటు ఇంకోటి కనపడలేదు.

నేను చీపురుపల్లి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. ఇరవై ఏళ్లుగా లెగ్ స్పిన్ వేస్తున్నాను, అంటే మణికట్టు తిప్పి, కుడిచేతి బ్యాట్స్‌మన్ కాళ్ల వైపు నుంచి బయటికి తిరిగేలా వేసే బంతి. ఏడాదిలో నాకు క్రికెట్ దొరికేది సంక్రాంతికి కొన్ని రోజులు, దసరాకి కొన్ని రోజులు, ఆ తర్వాత వేసవి సెలవులు, అంతే. మిగతా నెలలన్నీ సిలబస్, పరీక్షలు, పేపర్లు దిద్దడం, మధ్యలో ఏదో ఒక డ్యూటీ. లెగ్ స్పిన్ అలా వదిలేసి మళ్లీ పట్టుకునే విద్య కాదని అందరూ అంటారు, అందులో నిజం ఉంది. మణికట్టు, ఉంగరం వేలు రెండూ నెల రోజులు పని లేకుండా ఉంటే బంతి చేతిలోంచి వదిలే చోటు మారిపోతుంది, ఆ చోటు మళ్లీ దొరకడానికి వందల బంతులు పడతాయి. ఆ వందల బంతులు వేసుకోవడానికే నాకు చోటు కావాలి.

ఆ చోటే దొరికేది కాదు. నిరుడు ఊళ్లో ఒక నెట్స్‌కి వెళ్లి గంటకి ఎంత అని అడిగితే, బ్యాటింగ్ స్లాట్ అయితే ఇస్తాం, బౌలింగ్‌కి విడిగా ఇవ్వం అన్నారు. సరే, బ్యాటింగ్ స్లాట్‌కే డబ్బు కట్టి బౌలింగ్ వేసుకుంటానంటే, మెషీన్ అడ్డంగా ఉంటుంది సార్, జరపడం కుదరదన్నారు. ఇంకోచోట రన్నప్‌కి స్థలం లేదు, నాలుగడుగులు వేసేసరికి వెనక గోడ. డబ్బు కట్టేది బ్యాట్స్‌మన్ కాబట్టి అంతా అతని కోసమే కడుతున్నారు, అది వాళ్ల వ్యాపారం, తప్పుపట్టలేం. కానీ బౌలరు ఎక్కడికి పోవాలి?

ఇక్కడి పద్ధతి వేరు. పొద్దున్న అయిదున్నరకి గేటు తీస్తారు. మొదటి ముప్పావుగంట బౌలర్లదే. మూడో నెట్లో బ్యాట్స్‌మన్ ఉండడు, ఒక స్టంపు పాతి, గుడ్ లెంగ్త్ దగ్గర, అంటే మంచి బంతి నేల తాకాల్సిన చోట, జేబురుమాలు పరుస్తారు, ఎన్ని బంతులైనా వేసుకోవచ్చు. ఆరుంబావు నుంచి అకాడమీ పిల్లలు ప్యాడ్లు కట్టుకుని వస్తారు, వాళ్లకి బౌలింగ్ వేయాలి. బౌలర్‌కి నెలకి 600, బ్యాట్స్‌మన్‌కి 1200. బౌలరు ఇంకొకడికి ప్రాక్టీస్ ఇస్తున్నాడు కాబట్టి సగమే తీసుకోవాలి అని ఆలోచించినవాళ్లు నాకు తెలిసి వీళ్లొక్కరే.

నడిపేది రిటైరైన రైల్వే ఉద్యోగి, అరవై దాటిన మనిషి, అందరం గురువుగారూ అంటాం. రెండో రోజున ఆయన నన్ను పక్కకి పిలిచి, "మేస్టారూ, బడి తెరవగానే మానేస్తారు కదా, మళ్లీ దసరా దాకా బాల్ ముట్టరు, మరి ఎందుకండీ ఇంత కష్టం?" అని అడిగారు. కించపరచాలని కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. అప్పుడు నేను ఆయనకి మేరియట్ సంగతి చెప్పాను. పాత స్కోర్‌కార్డులు చదవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు, వాటిల్లో దొరికిన మనిషి ఆయన, నాకు ధైర్యం తగ్గినప్పుడల్లా ఆయన అంకెలే తీసి చూసుకుంటాను. చాలామందికి ఆ పేరు తెలియదు కాబట్టి ఇక్కడా చెప్తాను.

చార్లెస్ స్టోవెల్ మేరియట్. 1895లో ఇంగ్లండ్‌లో, స్టాక్‌పోర్ట్ దగ్గర పుట్టాడు. లెగ్ స్పిన్నర్. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక 1919లో లాంకషైర్ కౌంటీకి, అంటే అక్కడి జిల్లా జట్టుకి, ఆడాడు, కేంబ్రిడ్జిలో చదువుకుంటూ ఆ యూనివర్సిటీకి ఆడాడు, తర్వాత లండన్‌లో డల్విచ్ కాలేజీలో మాస్టారుగా కుదిరాడు. పేరుకి కాలేజీ గానీ అది స్కూలే. 1924 నుంచి 1937 దాకా కెంట్ కౌంటీకి ఆడాడు, అయితే ఎక్కువగా ఆగస్టులోనే, ఎందుకంటే స్కూలుకి సెలవులు అప్పుడే. అక్కడ క్రికెట్ సీజన్ ఏప్రిల్, మే నెలల్లో మొదలవుతుంది. మిగతావాళ్లు వేసవంతా ఆడి చెయ్యి బాగా కుదిరిన స్థితిలో ఉండగా ఈయన క్లాసు పుస్తకాలు మూసి వచ్చి వాళ్ల మధ్యన బంతి పట్టుకునేవాడు. అలా సెలవుల్లో ఆడి ఆడి మొత్తం ఫస్ట్ క్లాస్‌లో, అంటే కౌంటీల స్థాయి పెద్ద మ్యాచ్‌ల్లో, తీసిన వికెట్లు 711, వికెట్‌కి సగటున ఇచ్చింది 20 పరుగుల చిల్లర. బ్యాటుతో కొట్టిన పరుగులు 574. ఆయన తీసిన వికెట్ల కంటే కొట్టిన పరుగులు తక్కువ! బౌలింగ్ తప్ప ఇంకేమీ రాని మనిషిని, అదీ ఏడాదికి ఒక నెల మాత్రమే దొరికే మనిషిని, అన్నేళ్లు జట్టులోకి పిలుస్తూ ఉన్నారంటే ఆ బౌలింగ్ ఎలాంటిదై ఉండాలి!

అదీకాక అదే కెంట్ జట్టులో టిచ్ ఫ్రీమన్ ఉన్నాడు. ఆయనా లెగ్ స్పిన్నరే. 1928లో ఒక్క సీజన్లో 304 వికెట్లు తీశాడు, ఆయన ముందు గానీ తర్వాత గానీ ఒక సీజన్లో మూడు వందల వికెట్లు తీసినవాడు లేడు. జట్టులో అంతటి లెగ్ స్పిన్నర్ ఉండగా ఇంకో లెగ్ స్పిన్నర్‌ని ఎవరు తీసుకుంటారు? మేరియట్‌ని తీసుకున్నారు.

1933 ఆగస్టులో, ముప్పై ఏడేళ్ల వయసులో ఇంగ్లండ్ ఆయన్ని టెస్టుకి పిలిచింది. ఓవల్ మైదానం, వెస్టిండీస్ మీద మూడో టెస్టు. మొదటి ఇన్నింగ్స్‌లో వెస్టిండీస్ 100కి ఆలౌట్, మేరియట్‌కి 37 పరుగులకి 5 వికెట్లు. ఇంగ్లండ్ 312 చేసింది. రెండో ఇన్నింగ్స్‌లో వెస్టిండీస్ 195, మేరియట్‌కి 59కి 6. రెండోసారి బ్యాటింగ్ చేయకుండానే ఇన్నింగ్స్ 17 పరుగుల తేడాతో ఇంగ్లండ్ గెలిచింది. మ్యాచ్‌లో 96 పరుగులకి 11 వికెట్లు. ఆ తర్వాత ఇంకో టెస్టు ఆడలేదు. ఆ చలికాలం ఇంగ్లండ్ కెప్టెన్ జార్డిన్ జట్టుతో మన దేశానికి వచ్చాడు, మన గడ్డ మీద మొట్టమొదటి టెస్టులు జరిగిన టూర్ అది, మూడు టెస్టుల్లో ఒక్కదానిలో కూడా ఆయన లేడు. ఒకే ఒక్క టెస్టు, పదకొండు వికెట్లు, వికెట్‌కి 8.72 పరుగులు. మనవాళ్లలో హిర్వాణీ 1988లో మద్రాసులో తొలి టెస్టులోనే 16 వికెట్లు తీసిన సంగతి అందరికీ గుర్తుంటుంది, ఆయనకి ఆ తర్వాత ఇంకా పదహారు టెస్టులు దొరికాయి. మేరియట్‌కి రెండోది దొరకలేదు. దాని గురించి ఆలోచిస్తే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఆ టూర్‌తో మనూరికీ ఒక సంబంధం ఉంది. జార్డిన్ జట్టు మన దేశంలో ఓడింది ఒకే ఒక్క మ్యాచ్, అది బెనారస్‌లో విజ్జీ, అంటే మన విజయనగరం మహారాజకుమార్, పెట్టిన జట్టు చేతిలో, 14 పరుగుల తేడాతో. 1936లో ఇంగ్లండ్ వెళ్లిన మన జట్టుకి విజ్జీ కెప్టెన్సీ గురించి, లాలా అమర్‌నాథ్‌ని మధ్యలో ఇంటికి పంపేయడం గురించి ఎంత చెడ్డగా చెప్పుకున్నా నాకు అభ్యంతరం లేదు, అవి జరిగినవే. కానీ ఆ బెనారస్ గెలుపు కూడా జరిగిందే, ఊళ్లో విజ్జీ స్టేడియం పక్కనుంచి రోజూ వెళ్లే పిల్లలకి అది చెప్పేవాళ్లు ఉండాలి. తోటలో పిల్లలకి నేను చెప్పాను. వాళ్లలో ఒక్కడికీ అంతకుముందు తెలియదు.

ఇదంతా విని గురువుగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే మీ ఆగస్టు ఇదే అనుకుందాం మేస్టారూ" అని, నాకు నలభై రోజులకి ఒక లెక్క వేసి ఇచ్చారు. మొదటి పది రోజులు బ్యాట్స్‌మన్ ముందు వేయకూడదు, జేబురుమాలు మీద మాత్రమే, రోజుకి అరవై బంతులు, అన్నీ లెగ్ బ్రేకులే, అంటే మామూలు లెగ్ స్పిన్ బంతులే, గూగ్లీ, అంటే అలాగే కనిపించి ఎదురు వైపు తిరిగే బంతి, ముట్టకూడదు. తర్వాత పది రోజులు పిల్లలకి. ఆ తర్వాతే టాప్ స్పిన్ (పక్కకి తిరగకుండా ఎత్తు లేచే బంతి), గూగ్లీ. నేను ప్రతి వేసవీ మొదటి రోజు నుంచే బ్యాట్స్‌మన్‌కి వేసేవాణ్ని, కొట్టించుకుని బంతిని ఫ్లాట్‌గా, వేగంగా వేయడం మొదలుపెట్టేవాణ్ని, ఆ అలవాటు పోగొట్టుకోవడానికే సెలవులన్నీ అయిపోయేవి. అది నాకు ఎవరూ చెప్పలేదు. ఈయన రెండో రోజున పసిగట్టారు. ఈ ఒక్కదానికే నేను కట్టిన డబ్బు చెల్లిపోయింది.

పిచ్‌ల గురించి. మ్యాట్ రెండు రకాలు ఉంటాయి, జనపనారది, కొబ్బరి పీచుది. జనపనార మిల్లు ఉన్న నెల్లిమర్ల పక్కనే కాబట్టి ఇక్కడ జనపనార మ్యాట్ ఉంటుందనుకున్నాను, కానీ వీళ్లు వేసింది కొబ్బరి పీచుదే. దీని మీద బంతి బాగా పట్టుకుంటుంది, ఎత్తు లేస్తుంది, కొంచెం తిప్పినా చాలా తిరుగుతుంది. వినడానికి బాగానే ఉంటుంది గానీ స్పిన్నర్‌కి మ్యాట్ అలవాటు మంచిది కాదని నా అభిప్రాయం. మట్టి పిచ్ మీదికి రాగానే ఆ తిరుగుడు సగం అయిపోతుంది, అప్పుడు మనసు దిగాలు పడుతుంది. అందుకే మట్టి పిచ్ ఉన్న మూడో నెట్ అడగండి. దాన్ని చూసుకునే తాత ఒకాయన ఉన్నాడు, రాత్రి నీళ్లు పెట్టి, తెల్లారగట్ల రోలర్ లాగుతాడు. బంతి ఏ చోట పడితే ఎంత తిరుగుతుందో ఆయనకి మాకంటే బాగా తెలుసు. "మేస్టారూ, ఆ పక్క పెచ్చు లేసిపోనాది, ఈ పక్కకి ఎయ్యండి" అని ఆయన చెప్పిన చోట వేసి చూడండి.

తక్కువలు కూడా రాస్తాను. మే రెండోవారం నుంచి ఏడు దాటితే తోటలో కూడా ఎండ భరించలేం, తాగునీళ్లకి ఒక్క క్యాన్ పెడతారు, ఏడింటికల్లా అయిపోతుంది, రెండుసార్లు చెప్పినా రెండో క్యాన్ రాలేదు. టాయిలెట్ సరిగ్గా లేదు, ఆడపిల్లలు ఇద్దరు ఆడటానికి వస్తున్నారు, వాళ్ల కోసమైనా ముందు ఇది బాగుచేయాలి, నేను గట్టిగానే అడిగాను, ఈ వర్షాలు వెళ్లాక కట్టిస్తానన్నారు, కట్టించాక ఈ రివ్యూ మారుస్తాను. రెండో నెట్ వల చిరిగి ఉంది, పక్క నెట్‌లోంచి వచ్చిన బంతి ఒకబ్బాయి మోచేతికి తగిలింది. ఇక వాళ్లిచ్చే బంతులు మరీ పాతవి, కుట్టు అణిగిపోయి ఉంటుంది, లెగ్ స్పిన్నర్‌కి కుట్టు లేకపోతే వేలికి పట్టు ఏది? నేను ఊళ్లో నాలుగు ముక్కల తోలు బంతి రెండు కొనుక్కుని నావే తెచ్చుకున్నాను. మీరూ తెచ్చుకోండి.

ఇంకో విషయం, ఇది తక్కువ అనాలో ఏమనాలో తెలియదు. మేరియట్ ఆగస్టులో వస్తే కెంట్ జట్టులో అప్పటిదాకా ఆడుతున్నవాడు ఎవడో ఒకడు బయటికి వెళ్లాలి కదా. ఆ రోజుల్లో మేరియట్ లాంటివాళ్లు అమెచ్యూర్లు, ఆటకి జీతం తీసుకోరు, వాళ్ల బతుకు వేరేచోట ఉంటుంది. ప్రొఫెషనల్‌కి ఆటే కూలి, ఆడితేనే డబ్బు. ఇద్దరికీ డ్రెస్సింగ్ రూములు వేరు, చాలా మైదానాల్లో గేట్లు కూడా వేరు, స్కోర్‌కార్డులో అమెచ్యూర్ పేరుకి ముందు ఇనీషియల్స్, ప్రొఫెషనల్‌కి అలా కాదు. ఆ పద్ధతి 1962 దాకా సాగింది. మేరియట్ అంటే నాకెంత ఇష్టమున్నా ఆ తేడా మాత్రం నాకు మింగుడు పడదు.

తోటలో నాకు అదే ఎదురైంది. మూడో నెట్లో పొద్దున్నపూట రోజూ వేసే అబ్బాయి ఒకడున్నాడు, పదిహేడేళ్లు, ఆఫ్ స్పిన్, వాళ్ల నాన్న జూట్ మిల్లులో పనిచేసేవాడు. జిల్లా జట్టు సెలెక్షన్‌కి తయారవుతున్నాడు. నేను చేరిన వారం రోజులకి గమనించాను, నేను వేస్తున్న ముప్పావుగంటా వాడు రోలర్ పక్కన కూర్చుంటున్నాడు. ఏరా, ఎందుకు కూర్చున్నావంటే, "మీరు వేసుకోండి సార్, మీకు సెలవులు అయిపోతాయి కదా, నాకు తర్వాత ఎలాగూ ఉంటాది" అన్నాడు. నాకు చాలా ఇబ్బందిగా అనిపించింది. గురువుగారితో మాట్లాడితే, అది తన పొరపాటేనని ఒప్పుకున్నారు, ఆ మర్నాటి నుంచి ఒక ఓవరు వాడు, ఒక ఓవరు నేను. గేటు దగ్గర పలక మీద రోజూ వచ్చిన వరసలో పేర్లు రాయడం కూడా అప్పటి నుంచే మొదలైంది, ఎవరు ముందొస్తే వాళ్ల పేరు ముందు. అలా మార్చాక నాకు బంతులు తగ్గాయేమో గానీ లాభమే జరిగింది, అవతలి స్పిన్నర్ వేస్తుంటే అంపైర్ నిలబడే చోట నిలబడి చూడటం వల్ల నా లెంగ్త్ ఎక్కడ తప్పుతోందో తెలిసింది. మేరియట్ కూడా ఫ్రీమన్ వేస్తుంటే అలా చూసే ఉంటాడు.

ఇలాంటిది చెప్పగానే దిద్దుకునేవాళ్లు నడుపుతున్నారు కాబట్టే నేను ఈ నెట్స్‌కి అయిదుకి నాలుగిస్తున్నాను. ఆ ఒక్కటి నీళ్ల క్యాన్‌కీ టాయిలెట్‌కీ తగ్గించాను.

నాకు ఫలితం ఏమైనా వచ్చిందా అని అడుగుతారు. జూన్ మొదటివారంలో మా టీచర్ల జట్టుకి ఒక మ్యాచ్ ఆడాను, ఎనిమిది ఓవర్లు వేశాను, మూడు వికెట్లు. ఎన్ని వికెట్లన్నది అలా ఉంచండి, ఎనిమిది ఓవర్లలో ఫుల్‌టాస్‌లు, అంటే నేల తాకకుండా నేరుగా బ్యాట్స్‌మన్ దగ్గరికి వెళ్లే చెడ్డ బంతులు, రెండే పడ్డాయి. నాకది చాలు. నలభై ఏళ్ల దగ్గరికి వచ్చాను, ఇంక మానేయమని ఇంట్లోవాళ్లూ స్టాఫ్‌రూంలోవాళ్లూ అంటున్నారు, వాళ్లకి కూడా మేరియట్ టెస్టు ఆడిన వయసు చెప్పాను. ఆయన స్కూల్లో పిల్లలకి నేర్పడం మానలేదు, తర్వాత ఇంగ్లండ్‌కి ఆడిన ట్రెవర్ బెయిలీ ఆ స్కూలు పిల్లవాడే. మేరియట్ 1966లో పోయాడు. లెగ్ బ్రేక్ ఎలా వేయాలో ఆయన రాసిన పుస్తకం ఆయన చనిపోయిన రెండేళ్లకి అచ్చయింది. అది ఎవరి దగ్గరైనా ఉంటే నాకు చెప్పండి, జెరాక్స్ తీసుకుని జాగ్రత్తగా తిరిగి ఇచ్చేస్తాను.

వెళ్లేవాళ్లకి మరికొన్ని. ముందురోజు సాయంత్రం ఫోన్ చేసి చెప్తే మంచిది, నంబరు గేటు దగ్గర పలక మీదే ఉంటుంది. బస్సులో వచ్చేవాళ్లు నెల్లిమర్ల బస్సెక్కి తోట దగ్గర ఆపమంటే ఆపుతారు. వాన పడితే మట్టి పిచ్ రెండు రోజులు మూసేస్తారు. గేటు బయట ఒకామె చోడి (రాగి) అంబలి అమ్ముతుంది, మజ్జిగ, ఉల్లిపాయ వేసి ఇస్తుంది, ప్రాక్టీస్ అయ్యాక అది తాగి బండెక్కితే చీపురుపల్లి దాకా ఆకలి వేయదు. పైడితల్లమ్మ పండగలో తొలేళ్లు, సిరిమాను రెండు రోజులూ నెట్స్ ఉండవు. నేను దసరా సెలవుల మొదటి రోజు నుంచి పొద్దున్న అయిదున్నరకి మూడో నెట్లో ఉంటాను. లెగ్ స్పిన్ ఆడటం ప్రాక్టీస్ చేయాలనుకునే బ్యాట్స్‌మన్ ఎవరైనా ఉంటే రండి, వేసిపెడతాను.